ఒకటిన్నర డాక్టరు

క్లినిక్కు వెనక గది
ఫిబ్రవరి 9

లెక్కల పిల్లకు మీ వదిన రాస్తున్నాను,

నువ్వు మూడుసార్లు ఫోను చేశావని మీ అన్నయ్య చెప్పాడు. నాకు ఫోను చెయ్యకే అమ్మా. ఇక్కడ సిగ్నలు అంతంతమాత్రం. పైగా ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో జ్వరం మనిషి నాడి పట్టుకుంటే ఇద్దరికీ న్యాయం జరగదు. ఉత్తరం రాయి. పొద్దస్తమానం మీటలు నొక్కీ నొక్కీ చేతిరాత మర్చిపోయి ఉంటావు, కాస్త సాధన అయినట్టూ ఉంటుంది.

అసలు సంగతికి వస్తాను. వచ్చే నెలకి నాకు అరవై రెండు నిండుతాయి. నన్ను వదిలిపెట్టండి మహాప్రభో అని మీ శాఖకి రెండేళ్ళ కిందట అర్జీ పెట్టుకున్నాను. 'బదులు డాక్టరు దొరికాక' అని జవాబు వచ్చింది. పోయినేడు మళ్ళీ పెట్టాను. అదే జవాబు, తేదీ ఒక్కటే కొత్తది. ఏ క్లినిక్కుకి ఎంతమంది డాక్టర్లు కావాలో, ఎంతమందిని తయారు చెయ్యాలో లెక్క కట్టే గదిలోనే మా ఆడపడుచు కూర్చుని ఉండగా నేను ఇంకొకళ్ళని దేబిరించడమేమిటి? ఇన్నాళ్ళూ నిన్ను ఇబ్బంది పెట్టకూడదని ఊరుకున్నాను. ఇక ఊరుకోను. నా బదులు డాక్టరు ఎప్పుడు వస్తారు? తేదీ రాయి.

ఈ మూడు గదులూ నీకు తెలిసినవే. బయట బెంచీకి ఒక కాలు పొట్టి, దాని కింద మడిచి పెట్టిన మందుల అట్ట. నా గది కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. ఇరవై ఏడేళ్ళుగా ఆ గోడ పెచ్చులూడటం చూస్తున్నాను. రోజుకి డెబ్భై మంది. చీమిడి ముక్కు నుంచి చివరి రోజుల మంచం దాకా అన్నీ నేనే చూడాలి. ఆరువేల మందికి ఇంకో జనరల్ డాక్టరు లేదు. స్పెషలిస్టు కావాలంటే బస్సులో రెండు గంటలు. పోయినేడు నాలుగు రోజులు జ్వరంతో పడుకుంటే జనం గుమ్మం ముందు నిలబడి 'ఎప్పుడు లేస్తారండీ' అని మీ అన్నయ్యని అడిగారు. 'ఎలా ఉన్నారు' అని అడిగినవాళ్ళు ఇద్దరే.

నా దగ్గర శిక్షణలో ఉన్న చిన్న డాక్టరమ్మ నీకు గుర్తుందిగా. ఆమె మూడేళ్ళ శిక్షణ పోయినేడు జులైకే అయిపోవాలి. నేనే పాస్ చెయ్యలేదు. మొన్న జనవరిలో రెండోసారి కూడా చెయ్యలేదు. పని బాగా చేస్తుంది, రోగులతో మాట ఇంకా బాగుంటుంది, కానీ గుండె దగ్గర తడబడుతోంది. లేని చప్పుళ్ళు వింటుంది. నేనేం చెయ్యను? కింద సంతకం నాది. ఆమెకి రెండున్నరేళ్ళ కూతురు. నాలుగు గంటల దూరంలో తండ్రి దగ్గర ఉంటుంది. ఈమె ఆదివారం తెల్లారే వెళ్ళి ఆదివారమే తిరిగి వస్తుంది. రెండోసారి ఫారం చేతికిచ్చినప్పుడు ఏడుస్తుందనుకున్నాను. 'సరే మేడమ్' అని వెళ్ళి తర్వాతి రోగిని పిలిచింది.

మీ అన్నయ్య క్షేమం. డ్రిల్లు మాస్టరు ఉద్యోగం వదిలి మూడేళ్ళయినా పేపరు వేసే మనిషిని కూడా వరసలో నిలబెడుతున్నట్టే పిలుస్తాడు. గొంతు మాత్రం కాస్త మెత్తబడింది. వయసు కదా.

తేదీ రాయడం మర్చిపోకు.

మీ వదిన


ప్రణాళికా విభాగం, మూడో అంతస్తు
మార్చి 2

వదినకు నమస్కారాలు,

నీ ఉత్తరం చూసి మా సెక్షన్లో అందరూ చుట్టూ మూగారు. చేత్తో రాసిన కవరు ఈ అంతస్తుకి వచ్చి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తు లేదు. ఎవరైనా పోయారేమోనని మా టైపిస్టు నా మొహంలోకి చూసింది. మా వదిన తిట్టింది, అంతే అన్నాను.

తేదీ అడిగావు. రాయలేను. ఎందుకు రాయలేనో చెప్తాను, కోపం తెచ్చుకోకుండా చదువు.

మా దగ్గర ఒక పెద్ద పట్టిక ఉంది. ఒక్కో క్లినిక్కుకి ఒక్కో వరస. ఎంతమంది డాక్టర్లు కావాలి, ఎంతమంది ఉన్నారు, తేడా ఎంత. ఎక్కడైనా తక్కువ పడితే ఆ వరస ఎర్రగా మారుతుంది. ఎరుపు వస్తేనే అక్కడికి కొత్త డాక్టరునో, శిక్షణ సీటునో కేటాయిస్తారు. నీ వరస పచ్చగా ఉంది. నీ క్లినిక్కుకి కావలసింది ఒక డాక్టరు. ఉన్నది ఒకటిన్నర.

ఆ సగం చిన్న డాక్టరమ్మ. మామూలుగా శిక్షణలో ఉన్నవాళ్ళని మేము లెక్కలోకి తీసుకోం. కానీ గడువు పెంచినవాళ్ళకి పని వచ్చేసి ఉంటుంది కాబట్టి సగం డాక్టరు కింద కడతాం. ఈ నియమం నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఉంది. అంటే, నవ్వకు, నీ దగ్గర సగం డాక్టరు మిగులు. మొన్న మీటింగులో ఒకాయన ఆ సగాన్ని పక్క ఊరికి సర్దవచ్చా అని కూడా అడిగాడు.

ఆమె పాసై వెళ్ళిపోయినా నువ్వు ఒకటి ఉంటావు. కావలసింది ఒకటి. అప్పుడూ పచ్చే. నీ వయసు సంగతి వేరే గడిలో ఉంటుంది. దాని గురించి తర్వాత రాస్తాను.

ఇంకో మాట. ఆగస్టులో ఆమెకి జరగబోయేది మూడో మదింపు. మూడుసార్లూ తప్పితే శిక్షణ నుంచే తీసేస్తారు. జనరల్ డాక్టరుగా ఇక ఎక్కడా పనిచెయ్యడానికి ఉండదు. మూడోసారికి బయటి పరీక్షకుణ్ణి పంపాలని రూలు ఉంది గానీ, పంపడానికి మనుషులు లేరు. అందుకని నీ మాటే ఆఖరుమాట. ఆమె భర్త ఉన్న ఊళ్ళో ఒక ఖాళీ ఉంది. సెప్టెంబరు ఆఖరు దాకా ఆమె కోసం ఆపి ఉంచారు. నీకు తెలుసో తెలియదో అని రాస్తున్నాను.

మా గది కిటికీలు అసలు తెరుచుకోవు. ఏసీ పెట్టినప్పుడు మేకులు కొట్టేశారు. ఏసీ పాడై ఆరు నెలలయింది. నీకు గోడైనా కనిపిస్తోంది, సంతోషించు.

అన్నయ్యని అడిగానని చెప్పు.

నీ లెక్కల పిల్ల


క్లినిక్కు వెనక గది
ఏప్రిల్ 14

లెక్కల పిల్లకు,

సగం డాక్టరా? ఏ సగమే, నడుముకి పైనా కిందా? ఆ ముక్క చిన్న డాక్టరమ్మకి చదివి వినిపించాను. 'అయితే మేడమ్, నాకు సగం పూటే డ్యూటీ వెయ్యండి' అని నవ్వింది. ఆ తర్వాత సర్దిన మాత్రలే మళ్ళీ సర్దింది.

నేను మంచాన పడ్డ రోజున మీ పట్టిక వచ్చి ఇంజెక్షను చేస్తుందా? బెంచీ మీద కూర్చున్నవాళ్ళకి పచ్చ రంగు చూపించి ఇంటికి పొమ్మంటారా? చెప్పు, బోర్డు రాయించి తగిలిస్తాను.

నా వయసు వేరే గడిలో ఉందన్నావు. ఏ గడి? ఏముంది అందులో? అక్కడికి వచ్చేసరికి నీళ్ళు నమిలావు. నీళ్ళు నమిలేటప్పుడు నువ్వు కిటికీల గురించి మాట్లాడతావు. చిన్నప్పటి నుంచీ అంతే. నేను ఈ ఇంటికి వచ్చేనాటికి నీకు పన్నెండేళ్ళు. నా చేతి గడియారం నీళ్ళ బకెట్లో పడేసి వచ్చి 'వదినా, వాన పడేలా ఉంది' అన్నావు. నేనేం మర్చిపోలేదు.

కుట్టుమిషను ఆవిడ వచ్చింది. మన వీధి చివర బట్టలు కుడుతుందే, ఆవిడ. పోయిన అక్టోబరులో మిషను మీదే తల వాల్చి పడిపోతే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. గుండెలో వాల్వు మార్చారు. ఇన్నాళ్ళకి కోలుకుని, మొదట నాకే చూపించాలని వచ్చింది. 'లోపల లోహం వాల్వు పెట్టారండీ. గడియారంలా టిక్కుటిక్కుమంటోంది. పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా వినపడుతుంది. మా ఆయనకి నిద్రే పట్టడం లేదు' అని నవ్వింది. 'మీకు వినపడుతోందా డాక్టరమ్మా?' అని నా దగ్గరికి జరిగింది. వినపడకేం అన్నాను. చిన్న డాక్టరమ్మ పక్కనే నిలబడి ఉంది.

పోయిన వారం ఆమె భర్త బిడ్డని తీసుకుని వచ్చాడు. ఆ పిల్ల తల్లి తెల్లకోటు చూసి సూది వేస్తుందేమోనని తండ్రి కాళ్ళ వెనక దాక్కుంది. కోటు విప్పి వచ్చినా బయటికి రాలేదు. కాసేపటికి వచ్చిందిలే, కానీ ఆ కాసేపు నేను మందుల గదిలో నాకు పని లేకపోయినా పని చేసుకున్నాను.

గడి సంగతి రాయి.

మీ వదిన

చెల్లాయ్, మీ వదిన కవరు అంటించబోతుంటే లాక్కుని రాస్తున్నాను. ఈ ఇంట్లో గేటు చప్పుడైనా, తలుపు బెల్లు మోగినా, నువ్వు ఫోను చేసినా లేచేది నేనొక్కణ్ణే. ఆవిడ పుస్తకంలోంచి తల ఎత్తదు. ఈ మెట్లు ఎక్కి దిగి నా తల ప్రాణం తోకకి వస్తోంది. మధ్యలో ఒకసారి ఆగాల్సి వస్తోంది. డ్రిల్లు మాస్టరుకే డ్రిల్లు చేయిస్తోంది చూడు. ఇట్లు, మీ అన్నయ్య.


ప్రణాళికా విభాగం, మూడో అంతస్తు
జూన్ 11

వదినా,

ఈ ఉత్తరం ఆఫీసు తరఫున రాయడం లేదు. అలాగని ఊరికే రాయడమూ కాదు.

మూడో మదింపుకి ముందు పాత కాగితాలన్నీ మా దగ్గరికి వస్తాయి. చిన్న డాక్టరమ్మ ఫైలు నా బల్ల మీదికే వచ్చింది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. కాన్పులు, పసిపిల్లలు, చక్కెర రోగులు, ముసలివాళ్ళు, అన్నిట్లోనూ 'చాలా బాగు' అని నీ అక్షరాలే. ఒక్క గుండె దగ్గర మాత్రం, పోయిన జులైలో 'లేని చప్పుళ్ళు వింటోంది' అని ఉంది. జనవరిలో అదే వాక్యం. అక్షరం పొల్లుపోకుండా అదే. నువ్వు ఎవరి గురించీ ఒకే వాక్యం రెండుసార్లు రాసే మనిషివి కాదు. తిట్టినా కొత్తగా తిడతావు.

జులై కాగితానికి ఒక రోగి కార్డు కూడా జత చేసి ఉంది. బట్టలు కుట్టే ఆవిడ. చిన్న డాక్టరమ్మ 'వాల్వు దగ్గర చప్పుడు ఉంది, పెద్దాసుపత్రికి పంపాలి' అని రాసింది. దాని కింద నువ్వు 'చప్పుడు లేదు, గుండె మామూలే' అని రాశావు.

నువ్వు ఏప్రిల్లో రాసిన ఉత్తరం పక్కన పెట్టుకుని ఈ కార్డు చదివాను.

వదినా, ఆ చప్పుడు అప్పుడు ఉందా, లేదా?

నీ లెక్కల పిల్ల


క్లినిక్కు
జూన్ 20

ప్రణాళికా విభాగం అధికారిణి గారికి,

మీ ఉత్తరం అందింది. శిక్షణలో ఉన్న డాక్టరు మదింపు శిక్షకురాలి బాధ్యత. ఆ పనిలో నాకు పద్దెనిమిదేళ్ళ అనుభవం ఉంది. ఇంతవరకు పదకొండు మంది నా చేతి కింద జనరల్ డాక్టర్లు అయ్యారు. ఎవరి గుండె ఎలా ఉందో బల్ల దగ్గర కూర్చుని ఫైళ్ళు తిప్పేవాళ్ళు తేల్చే విషయం కాదు.

నా వయసుకి సంబంధించిన గడి గురించి ఏప్రిల్ 14న అడిగాను. మీ నుంచి జవాబు రాలేదు.

డాక్టరు


ప్రణాళికా విభాగం, మూడో అంతస్తు
జూలై 8

వదినా,

'గారు' అన్నావు నన్ను. నీ చేత 'మీరు' అనిపించుకోవడానికి యాభై ఏళ్ళు బతికాను. కవరు మడిచి హ్యాండుబ్యాగులో పెట్టుకుని రెండు వారాలు తిరిగాను. ఇక దాచను.

ఆ గడి పేరు 'ఇంకా ఎన్నేళ్ళు పనిచేస్తారు'. అరవై నిండుతున్న డాక్టర్లందరి పేర్ల పక్కనా ఉంటుంది. ఒక్కొక్కరినీ అడిగి నింపాలి. రెండేళ్ళ కిందట నూట నలభై పేర్లు వచ్చాయి, వారం గడువు ఇచ్చారు. మీటింగులో నీ పేరు వచ్చింది. 'ఈవిడ సంగతి నాకు బాగా తెలుసు, ఈవిణ్ణి క్లినిక్కు నుంచి బయటికి లాగాలంటే తలుపుతో సహా ఊడబెరకాలి' అన్నాను. అందరూ నవ్వారు. అయిదు అని కొట్టాను. నిన్ను అడగలేదు. నిన్ను అడగాల్సిన పనే లేదనుకున్నాను. మా వదిన నాకు తెలియదా అనుకున్నాను.

ఆ తర్వాత పదిహేను రోజులకి నీ అర్జీ వచ్చింది. అయిదు తీసి సున్నా వెయ్యాలంటే, అడక్కుండా ఎందుకు వేశావో రాసివ్వాలి. నువ్వు మా ఇంటి మనిషివని కూడా రాయాలి. అది నేను ఏ కాగితం మీదా ఎప్పుడూ చెప్పలేదు. మొహం చెల్లక ఊరుకున్నాను. నీ అర్జీకి వచ్చిన జవాబు నేను తయారు చేసిందే. రెండోసారి తేదీ మార్చింది కూడా నేనే. నువ్వు ఇంకా అయిదేళ్ళు ఉంటావని పట్టిక నమ్ముతోంది కాబట్టి నీ బదులు ఎవరినీ తయారు చెయ్యలేదు వదినా. నిన్ను అక్కడ కట్టిపడేసింది మా శాఖ కాదు, నేను.

ఇది చెప్పేశాను కాబట్టి ఇంకోటి అడిగే ధైర్యం వచ్చింది. నీ ఏప్రిల్ ఉత్తరం చివర అన్నయ్య చేర్చిన మాటలు మళ్ళీ చదివాను. గేటు, బెల్లు, ఫోను, అన్నిటికీ లేచేది ఆయనేనట. నువ్వు నన్ను ఫోను చెయ్యవద్దన్నది సిగ్నలు కోసం కాదు కదా?

తిట్టినా సరే, 'నువ్వు' అని తిట్టు.

నీ లెక్కల పిల్ల


క్లినిక్కు వెనక గది
ఆగస్టు 17

లెక్కల పిల్లా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. మొదటి పది రోజులు కోపంతో రాయలేదు. అయిదేళ్ళు! నా బతుకులో అయిదేళ్ళు, అడక్కుండా, నలుగురు నవ్వుతుండగా. ఎదురుగా ఉంటే చెవి మెలిపెట్టేదాన్ని. ఆ తర్వాత కోపం దానంతటదే దిగిపోయింది. నేను చేసింది అంతకంటే పెద్ద పని.

అవును, వినపడటం లేదు.

ఎప్పటి నుంచో నాకే తెలియదు. ముప్పై ఎనిమిదేళ్ళు డ్రిల్లు మాస్టరుతో కాపురం చేసినదాన్ని. మా ఇంట్లో మాటంటే అరుపే. అలాంటి ఇంట్లో చెవులు పోతున్న సంగతి ఎలా తెలుస్తుంది? మొదటిసారి ఆ అమ్మాయిని తప్పించినప్పుడు నాకు నిజంగానే ఏమీ వినపడలేదు, కాబట్టి ఏమీ లేదనుకున్నాను. అక్టోబరులో కుట్టుమిషను ఆవిడ పడిపోయింది. పెద్దాసుపత్రి కాగితం వచ్చింది. ఆ చప్పుడు తర్వాత పుట్టి ఉంటుందిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ రోజు నుంచి ప్రతి ఛాతీ దగ్గరా 'నువ్వూ ఒకసారి విను, నేర్చుకుంటావు' అని ఆమెని పిలవడం మొదలుపెట్టాను. ఆమె చెప్పింది కార్డు మీద నేను రాసేదాన్ని.

జనవరిలో పాస్ చేస్తే వెళ్ళిపోతుంది. వెళ్ళిపోతే నా పక్కన ఎవరూ ఉండరు, మీరు నన్ను వదలరు. అందుకని అదే వాక్యం మళ్ళీ రాశాను. ఈసారి తెలిసే రాశాను. బిడ్డ తల్లిని బిడ్డకి దూరం చేసి, ఆమె చెవులు నా దగ్గర అట్టేపెట్టుకున్నాను. దీనికి మీ పట్టికలో ఏ రంగు ఉందో నాకు తెలియదు.

ఏప్రిల్లో ఆవిడ నా దగ్గరికి జరిగి అడిగింది చూడు, వినపడుతోందా అని. పక్కన కూర్చున్నవాళ్ళందరికీ వినపడే చప్పుడది. నాకు వినపడలేదు. ఆ పూటతో సర్దిచెప్పుకోవడం అయిపోయింది.

నిన్న మదింపు జరిగింది. పొద్దున్నుంచి పదహారు మందిని ఆమె చూసింది, నేను మూల స్టూలు మీద కూర్చుని చూశాను. మన బెంచీ బాగుచేసే వడ్రంగి దగ్గు ఎన్నాళ్ళ నుంచో కనుక్కోవడానికి ముందు అతని మనవరాలి చదువు గురించి అడిగింది. నేను నేర్పింది కాదది. ఫారం మీద 'అర్హురాలు' అని రాసి సంతకం పెట్టాను. తర్వాత సొరుగులోంచి ఇంకో ఫారం తీసి ఆమె ముందు పెట్టాను.

'ఇదెవరికి మేడమ్?'

'నాకు. నువ్వు ఆ స్టూలు మీద కూర్చో. ముగ్గుర్ని పిలువు.'

'నా వల్ల కాదండీ.'

'నీకు రెండుసార్లు నేను పెట్టినప్పుడు నా వల్ల అయిందిగా. పిలువు.'

ఇద్దరి గుండెలు విన్నాను. నాకు వినపడిందేదో చెప్పాను. ఆమె తల వంచుకుని రాసుకుంది. మూడో మనిషిగా కుట్టుమిషను ఆవిడని పిలిచింది. కావాలనే పిలిచిందో, బెంచీ మీద ఆవిడే ఉందో నేను అడగలేదు. స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాను.

'ఏం వినపడింది మేడమ్?'

'ఏమీ వినపడలేదమ్మా.'

'అదేంటి డాక్టరమ్మా, ఆ రోజు వినపడిందన్నారు కదా?' అని కుట్టుమిషను ఆవిడ నా మొహంలోకి చూసింది. అబద్ధమాడానని చెప్పాను. ఇరవై ఏడేళ్ళలో ఆ గదిలో ఆ మాట అనడం అదే మొదలు. ఆవిడ జాకెట్టు హుక్కులు పెట్టుకుని, నా చెయ్యి ఒకసారి నొక్కి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

చిన్న డాక్టరమ్మ కలం పట్టుకుని అలాగే కూర్చుంది. 'నీకు ముందే తెలుసా?' అని అడిగాను.

'జనవరి నుంచి తెలుసు మేడమ్.'

'మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు?'

'ఎవరికి చెప్పాలండీ? నా ఫారం మీద సంతకం మీదే కదా.'

అప్పుడు ఏడ్చాను. ఆమె ఏడవలేదు. ఫారం మీద 'అర్హత లేదు' అని రాసి, తేదీ వేసి, నా ముందుకి జరిపింది. రాత చక్కగా ఉంది. రెండు ఫారాలూ ఇందులో పెట్టాను. రెండూ నీ పట్టికలో ఎక్కించు. ఈసారి ఎవరినీ నవ్వనివ్వకు.

మీ వదిన


ప్రణాళికా విభాగం, మూడో అంతస్తు
సెప్టెంబరు 5

వదినా,

ఎక్కించాను. సగం తీసేశాను. ఒకటి తీసేశాను. అయిదు తీసేశాను. నీ వరసలో ఇప్పుడు సున్నా ఉంది. కింద వివరణ అడిగే చోట, ఈవిడ మా అన్నయ్య భార్య, అయిదు అని అడక్కుండా వేసింది నేనే అని రాసి సంతకం పెట్టాను.

డైరెక్టరు పిలిచారు. 'సగం తీశావు, సరే. ఆ ఒకటి ఎందుకు తీశావమ్మా? మనిషి ఉందిగా అక్కడ?' అన్నారు.

'ఉన్నారు సార్. వినపడదు.'

'మందులైతే రాయగలదుగా? ఏడాది ఆఖరు దాకా పచ్చగానే ఉంచు, తర్వాత చూద్దాం.'

'తర్వాత చూద్దాం అనే రెండేళ్ళు పోగొట్టాను సార్' అన్నాను. నాకు మెమో ఇచ్చారు. అక్టోబరు నుంచి పాత ఫైళ్ళ గదికి వెయ్యబోతున్నారు. అక్కడ కిటికీ తెరుచుకుంటుందట.

నువ్వు మాత్రం వెంటనే బయటపడవు. అది కూడా చెప్పెయ్యాలి. చిన్న డాక్టరమ్మకి ఆ ఊరి ఉత్తర్వు వచ్చేసింది, నెలాఖరులోగా చేరాలి. నీ క్లినిక్కుకి శిక్షణ సీటు మంజూరైంది. ఒక డాక్టరు తయారవడానికి మూడేళ్ళు. ఈలోగా పక్క ఊరి డాక్టరు మంగళవారం, శుక్రవారం పొద్దున్న వస్తారు. మిగతా రోజుల్లో క్లినిక్కు తాళం తీసేది నువ్వే. కట్లు, కుట్లు, టీకాలు చూడవచ్చు. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టకూడదు. నేను ఆ అయిదు కొట్టకుండా ఉంటే ఈ మూడేళ్ళలో రెండేళ్ళు ఈపాటికి గడిచిపోయి ఉండేవి. రోజూ ఈ తీసివేతే చేసుకుంటున్నాను.

ఇంకొకటి. నువ్వు అడిగేలోపే నేను అడుగుతున్నాను. కుట్టుమిషను ఆవిడ ఒక్కతే కాదు కదా? ఈ రెండు మూడేళ్ళలో నువ్వు 'గుండె మామూలే' అని రాసిన కార్డులు ఎన్ని? నెలాఖరున సెలవు దొరుకుతుంది. వచ్చి పెట్టెలు దించి లెక్కపెడతాను. నాకు వచ్చింది ఆ ఒక్క పనే, అదైనా ఈసారి మనుషుల్ని అడిగి చేస్తాను.

నీ లెక్కల పిల్ల


క్లినిక్కు వెనక గది
సెప్టెంబరు 14

లెక్కల పిల్లా,

నువ్వు లెక్కపెట్టేదాకా నేను ఆగలేదు. పదకొండు వందల నలభై కార్డులు. మదింపు అయిన మర్నాటి నుంచే తియ్యడం మొదలుపెట్టాం. వీధివారీగా కబురు పెడుతున్నాం. అందరికీ నిజమే చెప్తున్నాను, డాక్టరమ్మకి చెవులు సరిగ్గా లేవు, మీ గుండె మళ్ళీ వినాలి అని. ఇద్దరు నన్ను అనరాని మాటలన్నారు. పడ్డాను. మిగతావాళ్ళు వచ్చి బెంచీ మీద కూర్చుంటున్నారు.

చిన్న డాక్టరమ్మని బిడ్డ దగ్గరికి పొమ్మన్నాను. ఉత్తర్వు చేతిలో ఉంది కదా, ఇక ఒక్క రోజు కూడా వద్దన్నాను. 'ఇన్నాళ్ళూ మీరు ఆపారు మేడమ్, ఈ నాలుగు వారాలు నేనే ఆగుతున్నాను' అంది. భర్తకి చెప్పి బిడ్డని ఇక్కడికే తెప్పించుకుంది. ఆ పిల్ల ఇప్పుడు మందుల గదిలో ఖాళీ అట్టపెట్టెలతో ఇల్లు కడుతోంది. నేను పిలిస్తే పలకదు. తల్లి పిలిస్తే పరిగెత్తుతుంది.

ఆరు వందల మందిని విన్నది. నలుగురి దగ్గర చప్పుడు ఉందని చెప్పింది. నలుగురినీ పెద్దాసుపత్రికి పంపాం.

నిన్న మూడో పెట్టె అడుగున మీ అన్నయ్య కార్డు దొరికింది. ఏడాదికోసారి ఇంట్లోనే నేనొక్కదాన్నే చూసి రాస్తాను. పోయిన డిసెంబరు తేదీ వేసి ఉంది, నా అక్షరాలు, నా సంతకం. గుండె మామూలే. మెట్ల మధ్యలో ఆగుతున్నానని నా ఉత్తరం కిందే నీకు రాశాడు, నేను చదివి కూడా అంటించాను. గొంతు మెత్తబడింది, వయసు అని నీకు రాసింది నేనే. ఆరువేల మంది గురించి బెంగపెట్టుకున్నదాన్ని, ఒకే కప్పు కింద ఉన్న మనిషి నాకు తట్టలేదు.

పిలిస్తే వచ్చాడు. బెంచీ మీద తన వంతు వచ్చేదాకా అందరితో పాటు కూర్చున్నాడు. లోపలికి వచ్చి చొక్కా విప్పి, తనకి తనే 'అటెన్షన్' చెప్పుకుని నిటారుగా నిలబడ్డాడు. చిన్న డాక్టరమ్మ చాలాసేపు విన్నది. ఊపిరి బిగబట్టమంది, వదలమంది, ముందుకి వంగమంది, మళ్ళీ విన్నది. నేను ఆమె మొహమే చూస్తూ నిలబడ్డాను. చెవుల్లోంచి గొట్టాలు తీసి నా వైపు తిరిగి, నాకు వినపడేలా గట్టిగా చెప్పింది.

'వాల్వు దగ్గర చప్పుడు ఉంది మేడమ్. పెద్దాసుపత్రికి పంపాలి.'

పోయినేడు కుట్టుమిషను ఆవిడ గురించి కూడా అచ్చం ఈ మాటలే అంది. ఈసారి నేను కాదనలేదు. కార్డు మీద ఆమె చెప్పిందే రాసి, చీటీ చేతికిచ్చాను. వేళకి దొరికిందని అంటోంది. నమ్ముతున్నాను. ఇప్పుడు నేను ఆమె చెప్పింది నమ్మడం తప్ప చెయ్యగలిగింది ఏమీ లేదు.

బుధవారం పొద్దున్న బస్సుకి తీసుకెళ్తున్నాను. నువ్వు నెలాఖరు దాకా ఆగకు, ఈ ఉత్తరం అందగానే బయలుదేరు. బెల్లు కొట్టినా నాకు వినపడదు, ఆయన్ని మెట్లు దిగనివ్వను. తలుపు తీసే ఉంచుతాను.

మీ వదిన